మైనస్ నలభై

ఉలాన్‌బాతర్ జనవరిలో
మైనస్ నలభై అన్నవాణ్ణి ఎవరూ అనుమానించరు.

గొంబొ కారు జపాన్‌లో ఎవరో వాడి వదిలేసింది.
మీట నొక్కగానే ఇప్పటికీ
ఆ దేశపు ఆడగొంతు మర్యాదగా ఏదో చెబుతుంది.
పదకొండేళ్లుగా ఇతను
"సరేలే" అని గేరు వేస్తాడు.

మూడు వారాలుగా ఎర్ర త్రికోణం ఆరడం లేదు.
బ్యాటరీ పోయిందన్నారు ఇద్దరు మెకానిక్‌లు.
ఒకడు ధర కూడా చెప్పాడు.
పళ్ల సందున ఇరుక్కున్న మాంసప్పీచులా
ఆ అంకెను నాలుకతో తడుముకుంటూ
మా షెడ్డుకొచ్చాడు గొంబొ.

దుల్మా ధర చెప్పలేదు.
స్కానర్ తగిలించి చదివింది.
పద్నాలుగు బ్లాకులూ
ఒకే ఈడు పిల్లల్లా
పదిహేను వోల్టుల గీత దగ్గర నిలబడ్డాయి.
లోపలి వేడిమి మాత్రం మూడు నోళ్లతో:
మైనస్ ఇరవై తొమ్మిది
మైనస్ ఇరవై ఎనిమిది
మైనస్ నలభై.

"బయటా దాదాపు అంతేగా" అన్నాను,
రెంచి వేళ్లకు అంటుకుపోతుంటే.
ఆమె పొయ్యిలో మరో నాలుగు బొగ్గులు వేసి
కారు తలుపులన్నీ బార్లా తెరిచి
"రాత్రికి ఇక్కడే పడుకోనీ. రేపు అడుగుదాం" అంది.

తెల్లారేసరికి
మడ్‌గార్డుల కింది మంచు కరిగి
నేలమీద నల్లటి మడుగు.
ఉప్పు పాల టీ తాగుతూ మళ్లీ అడిగాం.
పదకొండు, అంది ఒకటి.
పన్నెండు, అంది రెండోది.
మూడోది
మైనస్ నలభై.

ఇన్నాళ్లూ చలికాలమే దాని తరఫున
సాక్ష్యం చెబుతూ వచ్చింది.

ఆరంజి ప్లగ్గు పీకి,
లోపల మిగిలిన కరెంటు చచ్చేదాకా
గడియారం చూస్తూ పది నిమిషాలు కూర్చున్నాం.
ఆ పది నిమిషాల్లోనే చెప్పింది దుల్మా:
ఒంటికి వేడి తగిలితే దారి ఇస్తుందట సెన్సర్,
చలేస్తే ముడుచుకుని అడ్డుకుంటుందట.
మరి తెగిపోతే?
తెగిన తీగకు లోకమంతా చలే.

మూత కింద దొరికింది,
వెంట్రుక కంటే కాస్త లావు,
క్లిప్పు దగ్గర ఒరుసుకుని తెగింది.
అతకడానికి టీ చల్లారేంత సేపు పట్టలేదు.

"ఇంతేనా" అన్నాడు గొంబొ, కోపంగా, ఎవరి మీదో.
రాత్రి కాల్చిన బొగ్గుకీ కలిపి డబ్బు తీసుకుంది దుల్మా.

మీట నొక్కాడు. త్రికోణం లేదు.
ఆడగొంతు మాత్రం ఎప్పటిలాగే.
"అసలు ఏమంటుంది ఇది?"
"కార్డు పెట్టలేదు అంటోంది.
వాళ్ల ఊళ్లో టోల్ గేటుకి."

కాసేపు స్టీరింగు మీద చేతులుంచి కూర్చున్నాడు.
పదకొండేళ్లుగా నిజమే చెబుతోందన్నమాట, పాపం.
"సరేలే" అన్నాడు
కాస్త మెల్లగా.