ప ఉన్నచోట హ

ఆదివారం పొద్దున తొమ్మిదికి
కుందలహళ్లి మెట్రో స్తంభం కింద
సుంకులమ్మ సిమెంటు సంచి పరుస్తుంది.
దాని మీద స్టాంపు ప్యాడు, రెండు పెన్నులు,
జిరాక్సులు దాచిన బిస్కెట్ డబ్బా,
పక్కన నేను.
ఆమెకు చదువు రాదు, నాకు నోరు రాదు.
ఇద్దరం కలిస్తే ఒక ఆఫీసు.

ఆస్పరి నుంచి, దేవనకొండ నుంచి, కోసిగి నుంచి
రాత్రి బండి దిగినోళ్లు నేరుగా ఇక్కడికే వస్తారు
నెత్తిన మూటలు దించకుండానే.
ఊరి పేరు అడగదు. మేస్త్రీ పేరు అడుగుతుంది.
కొన్ని పేర్లకు తల అడ్డంగా ఊపి
"వాని దగ్గర వారానికి వారం లెక్క తీసుకో.
నెల దాకా నిలబెడితివా, నీళ్ల మీద రాసినట్టే" అంటుంది.

ఎవరూ ఎన్నుకోలేదు ఈమెను.
తొమ్మిదేళ్ల కింద
ఉరుకుందు నాలుగో అంతస్తు సారువ మీంచి జారిన దినం
బౌరింగ్ ఆసుపత్రి గేటు కాడ
శవాన్ని ఊరు చేర్చను బండివాడు పద్దెనిమిది వేలన్నాడు.
మగోళ్లందరం నేల చూస్తా నిలబడినాం.
గుంపులోంచి ఒకామె కొంగు చాపింది.
పదులు పడినాయి, యాభైలు పడినాయి,
ఎవరిదో ముక్కుపుడక పడింది.
పుడక ఎవరిదో వాళ్లకే ఇచ్చేసి
పీనుగ పక్కన తానే కూచొని పోయింది
రాత్రంతా, ముక్కూ మొగం తెలియనివాని కోసం.
ఆ చాపిన కొంగు మళ్లీ దోపుకొనే తీరిక
ఆమెకు ఇప్పటికీ దొరకలేదు.

ఎండ ముదిరినాక పిల్లోళ్లు చేరుతారు.
బడిలో కన్నడమని ఏడుస్తారు.
"ఏడుపెందుకురా? ప ఉన్నచోట హ పెట్టు, సగం వచ్చేసినట్టే.
పాలు హాలు. పులి హులి. పేను హేను,
అది మాత్రం ఏ భాషైనా కరుస్తుంది.
పల్లె హళ్లి. చూడండి,
కుందలహళ్లి, మారతహళ్లి, తూబరహళ్లి,
ఇవన్నీ మనట్లా పల్లెలే,
మీద అద్దాలు తొడుక్కున్నాయంతే."
"మరి పని?" అంది ఈరన్న కూతురు.
"హని" అంది సుంకులమ్మ, తడుముకోకుండా.
అటు పోతున్న బస్సు కండక్టరు ఆగి నవ్వినాడు.
"పనికి కెలస అంటారమ్మా. హని అంటే చుక్క."
ఆమె నొసలు తుడుచుకొని
తడిసిన వేలు వానికి చూపించింది.
"మాకు రెండూ ఒకటేలే సామీ."

ఒకసారి ఒక మాల్దా పిల్ల వచ్చింది, చంకలో బిడ్డతో.
ఆమె మాట మాకు రాదు, మా మాట ఆమెకు రాదు.
"మనోళ్లు కాదు కదక్కా" అన్నాను మెల్లగా.
సుంకులమ్మ ఆ పిల్ల మొగం చూడలేదు, కాళ్లు చూసింది.
వేళ్ల సందుల్లో సిమెంటు తిన్న పుండ్లు.
తన చెప్పు విడిచి, తన కాలు ఆ కాలి పక్కన పెట్టింది.
"ఇప్పుడు చెప్పు, ఏది మనది?
ఫారం రాయి."

రాసినాను.
ప్రతి ఫారంలో ఒక గడి ఉంటుంది,
ఈ ఊరిలో మీకు తెలిసినవారు.
వచ్చినోళ్లకు ఎవరు తెలుసు?
సుంకులమ్మ అని రాస్తాను.
రెండు వందల పన్నెండు ఫారాల్లో అదే పేరు.
ఒక గుమస్తాకు అనుమానం వచ్చింది,
ఇది మనిషా, వీధి పేరా అని.

సోమవారం నుంచి శనివారం దాకా
ఆమె కూడా మా మాదిరే.
తొమ్మిదో అంతస్తుకు ఇసుక మోస్తుంది,
మేస్త్రీ అరిస్తే తల వంచుతుంది.

పోయిన ఆదివారం కాంట్రాక్టరు స్లాబు పెట్టుకున్నాడు,
ఆమెకు సెలవు ఇయ్యలేదు.
నేనే సంచి పరిచినాను, డబ్బా తెరిచినాను,
గొంతు మాత్రం తెరుచుకోలేదు.
కోసిగి నుంచి వచ్చిన పిల్లోడు,
పదహారేండ్లు కూడా ఉండవు,
చీటీలో రాసుకున్న పేరు కూడబలుక్కుంటా
నా మీసాల వైపు చూసి అడిగినాడు.
"సుంకులమ్మంటే మీరేనా?"

మూట దించమన్నాను.
"మేస్త్రీ పేరేంది?" అన్నాను.