రైట్, రైట్

పదకొండేండ్లు నడిచే బస్సుల నిలబడ్డ కాలు
ఆగి ఉన్న బస్సు దిగంగ ఇరిగింది.
డిపోల, వానకు తడిసిన మెట్టు మీద,
లోపల ఒక్క ప్యాసింజర్ లేనప్పుడు.
చెప్పుకుంటె నాకే నవ్వొస్తది.

ఎడమ చీలమండల ఒక ప్లేటు, ఏడు స్క్రూలు.
ఎక్స్‌రే వెలుగుకు పట్టి చూస్తె
సీటు కింద బిగించిన బోల్టుల తీరుగ కనిపించినయి.
మా మరిది అన్నడు:
"వదినా, గిప్పుడు నువ్వే సర్కారు బండివి."

ఆరు వారాలు మంచం, ఒక కిటికీ.
ఎదురింటోళ్ల ట్యాంకు నిండి కారుతె ఏడున్నర,
ఉల్లిగడ్డల ఆటో మైకు మోగితె పది.
దూరంగ మలుపు కాడ గేరు మారిన చప్పుడైతె
మా బస్సే. ఇంజను గొంతు నాకు తెల్వదా.

ఫిజియో నౌషీన్ మేడం వేళ్లు చూడ సన్నగుంటయి,
మడిమ వంచితె మాత్రం ఏడు తరాలు యాదికొస్తయి.
"ఎముక ఇంట్ల కూసున్నా అతుకుతది ఆంటీ,
మనిషి అతకది. బయటికి పోండి" అన్నది.

మొదటి రోజు
యాభై నాలుగు మెట్లు కూసుంట కూసుంట దిగిన,
అంబాడే పిల్ల లెక్క, చీర వెనుక దుమ్ముతోటి.
రెండో అంతస్తు ముసలాయన తలుపు తీసి, చూసి, మూసిండు.
సిగ్గుతోని చచ్చిన.
ఎక్కి వచ్చేసరికి ఆ తలుపు ముందు
ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉన్నది. మనిషి లేడు.

ఇగ పాత డైరీల స్టేజీల వారీగ రాసుకున్న:
గేటు కాడికి ఇరవై రెండు అడుగులు.
కరెంటు స్తంభం, అరవై ఒకటి.
కిరాణా కొట్టు, నూట నలభై.
తెల్లారి మళ్ల అరవై ఒకటే.
వాపు. ఐసు. తిట్లు.
గల్లీల ఎదురొచ్చినోళ్లంతా డాక్టర్లే.
ఒకామె నల్లేరు పచ్చడంటది,
ఇరానీ హోటల్ షరీఫ్ భాయ్ పాయ తాగుమంటడు,
ఇస్త్రీ చేసే సాయమ్మ ఒక్కతే ఏమనది,
పెట్టె జరిపి, "కూసో" అంటది.

జరుగున్రి, ముందుకు జరుగున్రి,
డోర్ల నిలబడకున్రి!
వందలమందిని తరిమిన మాట
ఇప్పుడు ఒక్క కాలికి చెప్తున్న.
ఇంటలేదు.

నలభయ్యో రోజో, నలభై ఒకటో,
చేతికర్రతోని బస్‌స్టాప్ దాక పోయిన.
బస్సొచ్చింది. మెట్టు దిక్కు చూసిన.
గింత ఎత్తా ఇది?
రోజుకు రెండొందల సార్లు ఎక్కి దిగినదాన్ని,
ఒక్కసారి కొలవలే.

అప్పుడు యాదికొచ్చిందామె.
ఎప్పటిదో, ఎండకాలం, ఆకుపచ్చ చీర,
కడ్డీ పట్టుకొని ఒక కాలు పైన, ఒక కాలు రోడ్డు మీద.
"జల్ది ఎక్కమ్మా, నీ ఒక్కదాని బస్సా?" అన్న.
ఆమె నోరు తెరవలే.
కడ్డీ మీద వేళ్లు తెల్లగైనయి, అంతే.
అవే వేళ్లు ఇయ్యాల నా చేతికున్నయి.

"హోల్డాన్!" లోపల్నుంచి కొత్త పిల్ల గొంతు.
"ఆగన్నా, అక్క ఎక్కుతున్నది."
ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు,
దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు. నౌషీన్ మేడం పాఠం.
ఎక్కిన.
ఆ పిల్ల నన్ను గుర్తుపట్టలే. మంచిగైంది.
జీరో టికెట్ చింపి చేతుల పెట్టింది.
ఎన్ని వేలు చింపిన్నో గని
ఒక్కటి కూడ గిట్ల మడిచి రవికెల పెట్టుకోలే.

ఒక్కటే స్టేజీ. వారాసిగూడల దిగిన,
మెల్లగ, అందరు చూస్తుండంగ.
"దిగిండ్రా అక్కా?"
జవాబు నోట్లకు రాకముందే
చెయ్యి పోయి రేకు మీద రెండు దెబ్బలేసింది.
రైట్, రైట్.
బస్సు పోయింది.

ఇగ వాపసు నడవాలె.
ఇల్లు పార్శిగుట్ట మీద.