గొళ్లెం

కొండమీది లిఫ్టుకి ద్వారపాలకురాలిని నేను.
వాల్పరైసోలో, సముద్రం వైపు జారే పట్టాల మీద
రెండు చెక్కపెట్టెలు: ఒకటి ఎక్కితేనే ఒకటి దిగుతుంది.
చిల్లర తీసుకుంటాను, గేటు తీస్తాను, గేటు వేస్తాను.
ఎనిమిది మందికి మించి ఎక్కనివ్వను.
కుక్కలకు టికెట్టు లేదు.

అలాంటిదాన్ని, ఇంట్లో కంప్యూటరుకి కాపలా పెట్టడం
నాకో లెక్కా అనుకున్నాను.

ప్రింటర్లు బాగుచేసే ఓస్వాల్దో దగ్గర
మూడు వాయిదాల్లో కొన్నానది.
మెట్ల కింద పెట్టాను, వంటింట్లోంచి తెర కనపడేలా.
ఓ ఆదివారం రాత్రి, ఎలియాస్ పడుకున్నాక
జారే కళ్లజోడు ఎగదోసుకుంటూ దాని ముందు కూర్చున్నాను.

పిల్లవాడి వయసెంత, అంది.
తొమ్మిది కొట్టి, చెరిపి, పది కొట్టాను:
మంగళవారమే కదా పుట్టినరోజు.
ఏ వేళల్లో? ఐదు నుంచి ఏడు.
రెండో పెద్దవారి పేరు?
ఆ గడి దాటేశాను.
నక్షత్రం గుర్తు లేదు కాబట్టి ఊరుకుంది.

ఆపవలసిన మాటలు ఇక్కడ రాయండి, అంది.

ఖాళీ గడిలో ఒక సన్నగీత
ఆరుతూ వెలుగుతూ నా కోసం ఎదురుచూసింది.
మొదటి మాట సులువుగానే వచ్చింది.
రెండోది రేవులో మూటలు దించేవాళ్లది.
మూడోది మా నాన్నది, శనివారాలది.
నాలుగోది చేపల ఫ్యాక్టరీ మేస్త్రీది.
అప్పుడు నాకు పదిహేడు;
నా పేరు అవసరమైనప్పుడల్లా అదే వాడేవాడు.
ఇక చెయ్యి ఆగలేదు.
జన్మలో నోటితో అనని మాటలు
వేళ్లకి ఇంత కంఠతా వచ్చా!
ఒక్క అచ్చుతప్పు లేదు.
నలభై ఒకటి. లెక్కపెట్టాను.

లేచి చేతులు కడుక్కున్నాను.
తుడుచుకుని వచ్చి ఇంకొకటి చేర్చాను,
అదొక్కటీ మెల్లగా, అక్షరం వెంట అక్షరం.

పనిచేస్తోందో లేదో చూద్దామని
వాడి పేరుతో లోపలికెళ్లాను.
తెరనిండా అరచెయ్యి బొమ్మ. కింద ఒక బొత్తాం: అడుగు.
నొక్కాను.
ఏప్రన్ జేబులో నా ఫోను గుర్రుమంది:
ఎలియాస్ మీ అనుమతి కోరుతున్నాడు.
నన్ను నేనే అడుక్కుని, నేనే కుదరదన్నాను.
నవ్వొచ్చింది. వెంటనే నిద్రా వచ్చింది.

గురువారం, ఐదూ ఇరవై.
పై పెట్టె దిగుతోంది, కింది పెట్టె ఎక్కుతోంది,
రెండూ సగం కొండ దగ్గర ఒకదాన్నొకటి దాటుకుంటున్నాయి.
ఫోను.
ఎలియాస్ మీ అనుమతి కోరుతున్నాడు.
వాడు వెతికింది ఒక్క మాట,
దాని పక్కన, బళ్లో నేర్పినట్టు బుద్ధిగా,
అంటే ఏమిటి?

నలభై రెండోది.
చేతులు కడుక్కున్నాక చేర్చినది.
ఎవరన్నారో అడగక్కర్లేదు,
ఎవర్ని అన్నారో నాకు తెలుసు.

తాళం వేసితిని, గొళ్లెం మరచితిని.
ఆ మాట తెరలోంచి రాలేదు,
వీధి తలుపులోంచి వచ్చింది,
బళ్లోంచి, పుస్తకాల సంచీ మోసుకుని.

అనుమతించు. నిరాకరించు.
రెండే ఉన్నాయి. ఆగు నాన్నా అనే బొత్తాం
ఎవరూ పెట్టలేదు.
కిందనుంచి రెబెకా గంట కొట్టింది,
గేటు ఇంకా తీయవేమని.
గేటు తీశాను. చిల్లర తీసుకున్నాను.
ఒకామెకి రెండుసార్లు తిరిగిచ్చానట, ఆమే చెప్పింది.

ఏడూ పదికి ఇల్లు చేరాను.
వాడు రొట్టె తెచ్చి ఉంచాడు, టీకి నీళ్లు పెట్టాడు.
తెర ఆరిపోయి ఉంది, దాని టైము దానికయ్యింది.
అవకాడో కోస్తున్నంత సేపూ
ఇద్దరం ఫుట్‌బాల్ గురించే మాట్లాడాం.

ఆ తర్వాత, రొట్టె చుట్టిన కాగితం చదును చేసి
పెన్సిలుతో ఆ మాట రాశాను, పెద్దక్షరాలతో.
వాడి చెవులు ఎర్రబడ్డాయి.
కుర్చీ వాడి పక్కకి లాక్కుని
అడుగు, అన్నాను.