గుణుపురంలో ఫ్యూజు

బస్టాండు వెనక, పంక్చర్ల షాపుకీ జిరాక్సుకీ మధ్య
దాలినాయుడి కొట్టు.
లెక్క ఒడియాలో చెబుతాడు, తిట్టు తెలుగులో.
రెండూ గట్టిగానే.

మొదటిసారి బండిని నడిపించుకుంటూ వెళ్ళాను.
రాత్రంతా జీపీఎస్ మేలుకునే ఉంది,
ఆపిన బండి మీద
ఎటూ వెళ్ళని దారిని చూసుకుంటూ.
తెల్లారేసరికి బ్యాటరీలో
హారన్ మూలిగేంత కూడా మిగల్లేదు.

"తిన్నగా బ్యాటరీకే కట్టీసినావా?"
సీటు ఎత్తి, నేను చుట్టిన తీగల్ని
రెండు వేళ్ళతో పైకి తీశాడు, పాముపిల్లని తీసినట్టు.
"దూడని ఆవు దగ్గర రాత్రంతా ఒగ్గీసి
పొద్దున్న పాలేవంటే ఎలాగ?"

బీడీకట్ట కాగితం మీద లెక్క వేశాడు.
హెడ్‌లైటు ముప్ఫై అయిదు.
పొగమంచు దీపాలు రెండూ కలిపి ఇరవై.
ఫోను ఛార్జరు పది, జీపీఎస్ అయిదు.
నెత్తురు సీసాల చల్లపెట్టె...
ఇక్కడ పెన్సిలు కాసేపు ఆగింది.
ముప్ఫై ఆరు.
"నూటారు వాట్లు! బండి సంపాదనెంత, నీ కర్సెంత?
పెట్టె నడిసినంతసేపూ ఆ మంచు దీపాలార్పీ."

అగ్గిపెట్టెంత రిలే ఒకటి బిగించాడు.
వెనక లైటు తీగలోంచి
సన్నటి పాయ తీసి దానికి కలిపాడు.
"తాళం తిప్పితే ఈ సన్నదానికి కబురొస్తాది.
అది తలుపు తీస్తాది.
అప్పుడు లావు తీగలో కరెంటెల్తాది.
తాళం తీసీసినావా, అందరూ పడుకుంతారు."

తిప్పమన్నాడు. తిప్పాను.
టిక్.
బల్లి పలికినట్టే ఉంది.
సత్యం, అనబోయి ఊరుకున్నాను.

పెట్టెకొకటి, దారి చూపేదానికొకటి, ఫోనుకొకటి,
మట్టిరంగు ఫ్యూజులు మూడు గుచ్చి
నాలుగోదాన్ని సీటు కింద టేపుతో అంటించాడు.
"కాలిపోనాదని తిట్టకు.
కాలడమే దీని ఉద్జోగం."

ఆ నాలుగోది ఆషాఢంలోనే వాడేశాను.
మళ్ళీ పెట్టుకోలేదు. బద్ధకం.

నిన్న లింబగూడ కొండ దిగుతున్నాను.
పెట్టెలో పదకొండు సీసాలు.
అందులో ఒకదాని మీద సొంబారి సబర్ అని పేరు,
ఏడేళ్ళు, నాలుగు రోజుల జ్వరం.
సూది గుచ్చితే ఏడవలేదు,
నా హెల్మెట్ మీది స్టిక్కరుని గోటితో సగం లాగేసింది.

మూడో మలుపులో ఏదో తగ్గింది.
ఇంజను చప్పుడులోంచి ఒక పోగు ఊడినట్టు.
కొంతదూరం వెళ్ళాక తెలిసింది,
పెట్టె గొణగడం మానేసింది.

క్యారియర్ కమ్మీకి ఒరిసి ఒరిసి
తీగ తోలు లేచిపోయింది.
ఫ్యూజు లోపల మసి.
సీటు కింద చూస్తే టేపు మాత్రం ఉంది,
దేన్నీ పట్టుకోకుండా.
దాన్నే పీకి తీగకి చుట్టాను.

రెండు వందల మీటర్ల తర్వాత ఎడమకు తిరగండి,
అంటోంది జీపీఎస్, నిలబడి ఉన్న బండి మీంచి.
దాని ఫ్యూజు గోళ్ళతో లాగాను.
మళ్ళీ చెప్పబోయి
ఎడమ అనకుండానే ఆరిపోయింది.
పెట్టె గొణుగు మొదలెట్టింది.

వంశధార కనబడేలోపు రెండుసార్లు దారి తప్పాను.
ఒకసారి జీడితోటలో తేలాను.
కాపలా ముసలాయన మంచం మీంచి లేవకుండా
గడ్డంతో చూపించాడు, అదీ తప్పే.
నలభై నిమిషాలు ఆలస్యం.
పెట్టె మీద అంకె ఆరు డిగ్రీలు.
ల్యాబు అమ్మాయి సీసాలు లెక్కపెట్టుకుని
సంతకం చెయ్యమంది.
సొంబారి రిపోర్టు గురువారమట.

"ఏది కాలింది?" అన్నాడు దాలినాయుడు.
పెట్టెది.
"ఏది పీకినావు?"
దారిది.
తలెత్తి చూశాడు.
మెచ్చుకుంటాడేమోనని కాస్త నిటారుగా నిలబడ్డాను.
"తీగకి గొట్టం తొడుగుమన్నానా నేదా, ఎదవా?"

పాత హార్లిక్సు సీసా బల్ల మీద బోర్లించి
మట్టిరంగువి ఏరుతున్నాడు.
లోపల్నుంచి ఆవిడ పఖాళ్ తినడానికి రమ్మని
రెండోసారి పిలిచింది.
"వస్తన్నాను! చల్లారిపోద్దేటి అది?"

రెండు ఫ్యూజులు నా చేతిలో పోసి
వేళ్ళు పది చూపించాడు.
దొశ టొంకా.
గొట్టం ముక్క ఊరికే ఇచ్చాడు.