మూడో భాగం, రెండో ఆట

రెండో ఆట వదిలినాక ఆదోనిలో
ఆకలొకటే మేలుకోనుంటాది.
మార్కెట్ యార్డు గోడ కాడ
ఛార్జింగు లైటు కింద ఉగ్గాని బండి,
బాణెలో మిరపకాయ బజ్జీలు,
మేం నలుగురం.

రాగిరెక్క మూడో భాగం అయిపోయింది.
ఆరేండ్లు ఎదురుచూసిన కథ
ఒక వంతెన కాడ తెగింది.
ఇలీసా పడిపోయింది,
వాడు అందుకోలేకపోయినాడు,
హాలంతా ముక్కు ఎగబీల్చింది.

దస్తగిరికి కండ్లింకా ఎర్రగానే ఉన్నాయి.
"ప్రేమంటే అదప్పా!
ఊరినంతా మోసిన రెక్కలు
ఒక్క మనిషిని మోయలేకపోయినాయి సూడు,
యాడ కొట్టినాడప్పా దెబ్బ!"

మద్దిలేటికి ప్రేమ పట్టదు, విలనే వాని దేవుడు.
"ఆ గడియారాలోనికి
నాయిన ఉండాడు, బాకీ ఉంది, కుంటికాలుంది,
పగెందుకో లెక్కుంది.
ఈ పిల్లకేముందిరా,
గాలికెగిరే జుట్టు తప్ప?"

కొట్లాట అంటుకుంది.
"మొదటి భాగంలో లిఫ్టు సీను మర్సిపోయినావా?"
అని నేను లేసి నిలబడినా.
నడుమ ఆగిపోయిన లిఫ్టు, చీకటి, వాళ్ళిద్దరు.
ఆ సీను నాకు మాట మాటా తెలుసు,
యా మాట కాడ వాడు గుటక మింగుతాడో అదీ తెలుసు.

ఉరుకుందమ్మ అంతసేపూ నోరిప్పలే.
బజ్జీ చీల్చి, గింజలు దులిపి,
తొడిమెను ప్లేటు అంచున పెట్టింది.
జుట్టులో పత్తి పీచు.
జిన్నింగు మిల్లు నుంచి నేరుగా
టికెట్టు కాడికే వచ్చింది గదా.

"మొదటి భాగంలో" అనింది,
"ఆయమ్మ ఏం పని చేస్తాదో ఎవురికన్నా గ్యాపకముందా?"

ముగ్గురం ఒకరి మొకం ఒకరు చూసుకున్నాం.

"వంతెనలు చూసే ఇంజినీరు.
సుత్తితో ఇనుమును తట్టి, చెవి పెట్టి,
పగులు యాడుందో చెప్తాది.
నాకామె ఆడ నచ్చింది, లిఫ్టులో కాదు.
రెండో భాగంలో సుత్తి పోయింది,
కిటికీ కాడ నిలబడి వాని కోసం చూసేదే డ్యూటీ.
మూడో భాగంలో అదే వంతెన ఎక్కిచ్చినారు,
పగులు మీదనే కాలు పెట్టిచ్చినారు.
వంతెన గుట్టు తెలిసినామె అప్పా!
వాడు ఏడ్సాల కాబట్టి ఈమె పడాల.
తోసింది గడియారాలోడు కాదు,
రాసినోడు."

కొంచేపు బాణెలో నూనె ఒకటే మాట్లాడింది.

"అట్లయితే బతికిచ్చాలంటావా?"
దస్తగిరి గొంతు దిగింది.

"సంపనీ. కథన్నాక సావుంటాది.
ఆ పొద్దు ఆదివారమని గోడ మీద క్యాలెండరు చూపిచ్చినారు.
తెల్లారి సోమవారం
ఆమెకేం పనుండెనో ఒక్క ముక్క చెప్పి సంపు.
అప్పుడు నేను గూడ ఏడుస్తా."

కాగితానికి చేతులు తుడుసుకుని లేసింది.
"నాకూ రేపు సోమవారమే" అని
లైటు దాటి నడిసిపోయింది.

లిఫ్టు సీనులో మాటలన్నీ
నా నోట్లోనే తిరిగి చల్లారినాయి.

మూడు సినిమాలకూ టికెట్లు తీసింది నేనే,
ఆమె పక్క సీటు నాకు పడేటట్ల.
హాల్లో కరెంటు పోతే చెప్దామని
ఒక మాట జేబులో పెట్టుకోని తిరిగేటోణ్ణి.
థియేటరోడు జనరేటరు కొన్నాడు.

మిల్లులో నువ్వు చేసే పనేంది
అని మాత్రం ఎన్నడూ అడగలే.
చాన్నాళ్ళకు మద్దిలేటి చెప్పినాడు:
లారీ దిగిన పత్తిలోంచి ఒక గింజ తీసి
పండ్ల కింద పెట్టి కొరికి,
ఆ టక్కుమనే చప్పుడును బట్టి
తేమెంతో చెప్తాదంట,
మిషను కన్నా ముందు.

ఆ రాత్రికి నాకు తెలిసింది
ప్లేటు అంచున తొడిమెలు.
లెక్కబెట్టినా.
నాలుగు.