తీసేశాడు

డిక్షనరీలో ఆ మాటకి అయిదు అర్థాలున్నాయి.
కంచరపాలెంలో ఒక్కటే.
కరెంటు.
పోతుంది, వస్తుంది,
నెల తిరిగేసరికి చీటీ మీద బాకీ అయి తలుపు కొడుతుంది.

తమ్ముడు కరెంట్ అఫైర్స్ పుస్తకం కొనుక్కొస్తే
మా డిపార్ట్‌మెంటు పరీక్షేనేట్రా అని నాన్న మురిసిపోయాడు.
కాదని చెప్పడానికి
ఇద్దరికీ మనసొప్పలేదు.

చీకటి పడ్డప్పుడు మా వీధి
పోయింది అని ఊరుకోదు.
తీసేశాడు అంటుంది.
పక్కింటి సింహాద్రమ్మ అట్టముక్కతో విసురుకుంటూ
"సీరియలప్పుడే గుర్తొస్తాదేటి ఆడికి,
ఆడి చెయ్యిరిగిపోనూ" అంటుంది.
వాడెవడో వీధిలో ఎవరికీ తెలీదు.

మా ఇంట్లో తెలుసు.
వాడికి షుగరు.
కుడిచేతి చిటికెనవేలు సగమే.
నైట్ డ్యూటీకి రెండు చపాతీలు, వంకాయ కూర,
స్టీలు క్యారేజీ మీద మేకుతో చెక్కిన పేరు:
దాలినాయుడు.

తిట్లన్నీ గోడ దూకి మా గుమ్మంలోనే పడేవి.
అమ్మ కొవ్వొత్తికి చెయ్యి అడ్డం పెట్టి
"ఈపాటికి మీ నాన్నకి పొలమారుతుంటాది" అనేది.

వెలుగొచ్చాక పిల్లలంతా ఒక్క కేక.
వచ్చింది!
ఇచ్చాడు అని ఎవరైనా అంటారేమోనని
చాలా ఏళ్ళు చెవి ఒగ్గి విన్నాను.
తీసినప్పుడు కర్త ఉంటాడు.
వచ్చేటప్పుడు దానంతటదే వస్తుంది.
నేను వ్యాకరణం నేర్చుకున్నది అక్కడ.

ఆ పెద్ద తుఫానప్పుడు
స్తంభాలు చెరుకుగడల్లా విరిగి పడ్డప్పుడు
తొమ్మిది రోజులు నాన్న ఇంటికి రాలేదు.
పదోరోజు రాత్రి మా వీధి వెలిగింది.
సింహాద్రమ్మ టీవీకి దణ్ణం పెట్టింది.

ఇప్పుడు నేను జాలారిపేట బడిలో
తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెబుతాను.
ఈ మాటతో సొంత వాక్యం రాయండి అన్నాను.
ముప్పైమంది కరెంటు బిల్లు కట్టారు.
నలుగురు ఫ్యాను వేశారు.
గరికిన ఎల్లాజీ మాత్రం
మా అన్న కరెంట్‌లో పోయాడు అని రాశాడు.

మా నాన్న వేలు గుర్తొచ్చింది.
"తీగ తగిలిందా?" అనడిగాను మెల్లగా.
"లేదు మేడం. నీళ్ళు."

బీచిలో బోర్డు ఉంటుంది కదా మేడం,
బలమైన కరెంట్ ఉంది, దిగొద్దని.
టూరిస్టులు నవ్వుతారు, షాకు కొడతాదేటని.
పైకి అద్దంలాగ ఉంటాది.
కాలికింద ఇసక జరిగిపోతాది.
దాంతో తగువు పడకూడదు, అడ్డంగా ఈదాలి.
అన్నకది తెలుసు మేడం.
ఎవుడో కాలేజీ కుర్రోడు కొట్టుకుపోతంటే
తిన్నగా ఎదురెళ్ళాడు.

వాడి వాక్యంలో ఎర్రసిరా పెట్టడానికి
ఒక్క అక్షరం దొరకలేదు.
"మీ ఇంట్లో దాన్ని ఏమంటారు?" అన్నాను.
"లాగుడంటాది మా నానమ్మ" అన్నాడు.
"అన్న గురించైతే ఏమీ అనదు.
తీసేశాడు అంటాది, అంతే."

ఎవరు అని నేను అడగలేదు.
గంట కొట్టారు.

నిన్న రాత్రి నాన్న అన్నం తింటూంటే
గది నల్లబడింది.
రిటైరై ఆరేళ్ళయింది కదా,
ఆయన నోటికే వచ్చేసింది ఆ మాట:
"తీసేశాడు."
చెయ్యి కంచంలోనే ఆగింది.
బయట సింహాద్రమ్మ మొదలుపెట్టింది.

చీకట్లో కాసేపు ఎవరం మాట్లాడలేదు.
తర్వాత నాన్న తనలో తానే అనుకున్నట్టు
"ఫీడరు ట్రిప్పయ్యుంటాది.
కొత్తగా చేరిన కుర్రోడు.
పక్కన మంచినీళ్ళ సీసా
పెట్టుకున్నాడో లేదో" అన్నాడు.