లాంగ్ బెల్లు

మా బడికి గంట లేదు.
లోకోషెడ్డు వాళ్లు పారేసిన పట్టా ముక్క
వేపకొమ్మకు తీగతో కట్టి ఉండేది.
బంట్రోతు పీరుసాబు తుప్పు బోల్టుతో కొడితే
ఆ మోత గుంతకల్లు యార్డు దాటి
కసాపురం దోవ దాకా పోయేది.

మొన్న శ్రావణం దాకా ఐదుగురం.
శనివారం పొద్దున, స్టేషన్ పాత వంతెన మెట్ల కింద
ఉగ్గాని, బజ్జీ, టీ.
బజ్జీలో మిరపకాయ పీకి నా ప్లేటులో వేస్తాడు నాగప్ప,
కడుపులో మంటంట.
ఎనిమిదో తరగతిలో పందెం కట్టి
పచ్చివి ఇరవై నమిలినోడు.
ఆరోగ్యసామికి ఒక చెవి వినపడదు.
ఏ చెవో చెప్పడు.
మాట నచ్చకపోతే ఆ చెవే మనవైపు తిరుగుతుంది.
మస్తాన్‌వలికి మటుకు అన్నీ జ్ఞాపకమే,
జరగనివి కూడా.

యాడ మొదలుపెట్టినా మాటలు ఆ దినానికే వచ్చి నిలబడతాయి,
ఏ బండెక్కినా గుంతకల్లు వచ్చినట్టు.

మధ్యాహ్నం రెండూ నలభై.
లెక్కల అయ్యవారు బోర్డు మీద చక్రవడ్డీ కడుతున్నాడు.
సర్కస్సు బండి యార్డులో ఆగిందని కిటికీ నుంచి కిటికీకి కబురు.
అంతలో పట్టా ముక్క మోగింది,
ఆగకుండా మోగింది,
లాంగ్ బెల్లు!
నాలుగు వందల మంది పిల్లోళ్లం
మూట చినిగిన శెనక్కాయల మాదిరి
పట్టాల మీద పడినాం.

ఇంజనుకు నీళ్లు పట్టే గొట్టం కింద
ఏనుగు నిలబడి తాగుతా ఉంది.
వెనక ఇంజను, పొగ మింగుకుంటా,
తన వంతు కోసం.
డ్రైవరు రెండుసార్లు కూత వేసి చూసినాడు.
ఏనుగు చెవి కూడా ఆడించలేదు.

మరుసటి దినం ప్రార్థనలో
"ఎవడ్రా కొట్టింది?"
ఎవడూ కొట్టలేదు.
బెత్తానికి మటుకు ఎవడో ఒకడు కావాల.
ఓబులేసు అరచేతిలో తుప్పు కనపడింది.
వాళ్ల నాయనది కొలిమి,
వాని చేతికి తుప్పు లేని దినమేది?
పన్నెండు దెబ్బలు.
వాడే గట్టిగా లెక్కపెట్టినాడు,
చక్రవడ్డీ రానోడు,
పన్నెండు దాకా ఒక్కటీ తప్పకుండా.

అరవై ఏండ్లలో కథ తిరగబడింది.
అప్పుడు ఎవడూ కొట్టని గంటను
ఇప్పుడు అందరూ కొట్టినారు.
నేనంటే నేనని నాగప్ప, మస్తాన్.
బోల్టు ఎంత బరువుండేదో
చెయ్యి ఆడించి చూపిస్తాడు ఆరోగ్యసామి.
ఓబులేసు సాసర్లో టీ పోసుకుని ఊదుకుంటా
"ఎవడు కొడితేనేం,
ఏనుగును చూసినాం గదప్పా" అనేవాడు.

వాడు పోయిన పదకొండో దినం
వాళ్లింటి నుంచి నడిచి వస్తా చెప్పినాను:
రేయ్, కొట్టింది నేను.
"నువ్వు కూడానా?
పో, పోయి లైన్లో నిలబడు" అన్నాడు నాగప్ప.
మస్తాన్ నవ్వినాడు.
ఆరోగ్యసామి ఆ చెవి తిప్పినాడు.

బోల్టు జారి నలిగిన నా బొటనవేలి గోరు
ఎప్పుడో ఊడి కొత్తది వచ్చింది.
సాక్ష్యం ఏముంది?
ఆ పొద్దు ప్రార్థనలో
ఆ వేలిని జేబులో దాచి నిలబడినా.
పక్క వరసలో ఓబులేసు
జేబును చూసినాడు, నన్ను చూసినాడు,
తర్వాత నేరుగా
అయ్యవారి బెత్తం వైపు చూసినాడు.

అప్పటి నుంచి వాని టీ డబ్బులు నేనే ఇచ్చినాను,
పావలా టీ నుంచి పది రూపాయల టీ దాకా.
ఎందుకని వాడు అడగలేదు.
వద్దని కూడా అనలేదు.

ఒక్కసారి మటుకు,
చిల్లర కోసం నేను జేబులు తడుముకుంటా ఉంటే
రైలు వైపు చూస్తా
"ఇంకా ఎంతుందప్పా బాకీ?" అన్నాడు.

తన్నే అడిగినాడనుకుని
టీ అంగడాయన
"ఇరవై" అన్నాడు.